మూన తిరగడం

మా పెరటిలో తూర్పు కంచె పక్కన రెండు నల్లని తొట్లున్నాయి. ఒక్కొక్కదానిలో రెండున్నర అడుగుల ఎత్తున్న మాను ఒకటి నిలిచి ఉంటుంది. ఒకప్పుడు మూడు తొట్లుండేవి. మూడవ మాను ఎందుకు చనిపోయిందో, మిగిలిన రెండూ ఎలా బ్రతికాయో చెప్పాలంటే మా నాన్నగారిని గురించీ, ఆయన వద్ద నేను బహు ఆలస్యంగా నేర్చుకున్న ఒక తెలుగు మాటను గురించీ చెప్పాలి.

మేము లూసియానా రాష్ట్రంలోని లఫయెట్ నగరంలో నివసిస్తున్నాము. మా అమ్మ గతించిన ఆరు నెలలకు, ఒక నవంబరులో, నాన్నగారు మా ఇంటికి వచ్చారు. కాకినాడకు దిగువన, గోదావరి కాలువ కింద, యాభై సంవత్సరాలు వరి పండించిన మనిషి ఆయన. నేను ఒక్కడినే కొడుకును. గ్రీన్ కార్డు చేతికి వచ్చింది కనుక ఇక శాశ్వతంగా మాతోనే ఉంటారని నేనూ నా భార్యా నిశ్చయించుకున్నాము. ఆయన ఏమనుకుంటున్నారో మేము అడగలేదు.

న్యూ ఆర్లియన్స్ విమానాశ్రయం నుంచి మా ఊరికి వచ్చే రహదారి అచాఫలాయా చిత్తడి నేల మీదుగా సుమారు 18 మైళ్లు వంతెనపైనే సాగుతుంది. కారు కిటికీలో నుంచి చూస్తూ నాన్నగారు, “ఇన్ని చెట్లు నీళ్లలో చచ్చి నిలబడి ఉంటే ఎవరూ కొట్టుకుపోరా?” అని అడిగారు. అవి చావలేదనీ, చలికాలానికి ఆకు రాలుస్తున్నాయనీ చెప్పాను. ఆయన నమ్మినట్లు కనిపించలేదు.

ఆ చెట్టు పేరు బాల్డ్ సైప్రస్. పైను, దేవదారు వంటి సూదియాకు చెట్లకు బంధువే అయినా, వాటివలె ఏడాది పొడవునా పచ్చగా ఉండదు. శరత్కాలంలో ఆకంతా తుప్పు రంగుకు తిరిగి, చిన్న రెమ్మలతో సహా రాలిపోతుంది. బాల్డ్ అంటే బట్టతల. ఆ పేరు అందుకే వచ్చింది. 1963 నుంచి ఇది లూసియానా రాష్ట్ర వృక్షం. దీని మొదలు బాగా వెడల్పై, మడతలు మడతలుగా నీటిలోకి దిగుతుంది. చుట్టూ నీటిలో నుంచి మోకాళ్ల వంటి మొనలు పైకి లేస్తాయి. వాటిని చూపించినప్పుడు నాన్నగారు వెంటనే, “మన కోరంగి మడచెట్లకు లేవూ ఊపిరి వేళ్లు! అలాంటివే” అన్నారు. మడచెట్ల వేళ్లు గాలి పీల్చుకోవడానికే పైకి వస్తాయి. సైప్రస్ మోకాళ్లు ఎందుకు వస్తాయన్న విషయంలో శాస్త్రజ్ఞులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా ఆయన పోలికను నేను కాదనలేదు.

ఈ జాతి ఆయుర్దాయం ఆశ్చర్యం గొలుపుతుంది. ఉత్తర కరోలినాలో బ్లాక్ నది చిత్తడిలో ఉన్న ఒక బాల్డ్ సైప్రస్ వయస్సు కనీసం 2,624 సంవత్సరాలని డేవిడ్ స్టాలే అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మానులోని వలయాలను లెక్కించి 2019లో ప్రకటించారు. శాతవాహనులు రాజ్యానికి రాకముందే మొలచిన చెట్టన్నమాట. లూసియానాలో మాత్రం అంతటి వృద్ధ వృక్షాలు దాదాపు మిగలలేదు. నీటికి చెడని కలప కావడంతో 19వ శతాబ్ది చివరి నుంచి 20వ శతాబ్ది తొలి దశాబ్దాల వరకు కలప వ్యాపారులు ఆ అడవులను నరికివేశారు. వంతెన మీది నుంచి కనిపించే వెడల్పాటి మొద్దులు చాలావరకు ఆ నాటివే. లేత వయస్సులో నరికితే సైప్రస్ మొదలు మళ్లీ చిగురిస్తుంది. వయస్సు ముదిరిన కొద్దీ ఆ శక్తి సన్నగిల్లుతుంది.

వామన వృక్షాలు పెంచేవారు నమ్ముకునేది ఆ లేత వయస్సు మొండితనాన్నే. బోన్సాయ్ నాకు కొన్నేళ్లుగా అలవాటు. అంతవరకు నర్సరీలో కొన్న మొక్కలతోనే కాలక్షేపం చేశాను. ప్రకృతి పెంచిన చెట్టును త్రవ్వి తెచ్చి తొట్టిలో కుదర్చడం వేరొక విద్య. జపాను వారు అటువంటి చెట్టును యమదోరి అంటారు. నాతో పనిచేసే మిత్రుడొకరికి ఊరి వెలుపల భూమి ఉంది. అందులోని మురుగు కాలువను యంత్రంతో బాగుచేయిస్తున్నాననీ, గట్టున మొలచిన సైప్రస్‌లు ఎలాగూ పోతాయి కనుక కావలసినవి త్రవ్వుకొమ్మనీ ఆయన చెప్పారు. ఆ మాట కాగితం మీద వ్రాయించుకున్నాను. యజమాని అనుమతి లేకుండా మొక్కను పెకలించడం దొంగతనమే అవుతుంది. ఈ సంగతి ఈ విద్య నేర్వగోరే పిల్లలు మొట్టమొదట తెలుసుకోవాలి.

జనవరి చివరి వారంలో మూడు మానులు తెచ్చాను. ఆ సమయంలో చెట్టు నిద్రలో ఉంటుంది. వేసవి అంతా సంపాదించుకున్న ఆహారాన్ని పిండిపదార్థంగా మానులోనూ వేళ్లలోనూ దాచుకుని ఉంటుంది. మొగ్గ ఉబ్బక ముందే త్రవ్వితే ఆ నిలవ చెట్టుకు దక్కుతుంది. ఒక్కొక్క చెట్టు పన్నెండు పదిహేను అడుగుల ఎత్తుండేది. రెండున్నర అడుగుల వద్ద రంపంతో కోసివేశాను. నేలలోనికి విస్తరించిన పెద్ద వేళ్లను మాను దగ్గరగా ఖండించి, అడుగుభాగాన్ని తొట్టిలో నిలబడేలా చదునుగా కోశాను. మీగడ వంటి బంకమట్టిని గొట్టపు నీటితో కడిగేసరికి సన్నని వేళ్లు దాదాపు ఏవీ మిగలలేదు. పైకోతకు నీరు ఇంకకుండా లేపనం పూశాను.

నాన్నగారు వరండాలో కుర్చీ వేసుకుని అంతా చూశారు. “తల తీసేశావు, కాళ్లు తీసేశావు. ఇంకేముందిరా దీనికి బ్రతకడానికి?” అన్నారు. మానులో నిలవ ఉన్న ఆహారం సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “ముదురు నారైతే మేమూ కొనలు తుంచే ఊడుస్తాం లే” అన్నారు. అంతటితో ఆ పనిపై ఆయనకు కొంత గౌరవం కలిగింది.

తొట్లలో గులకరాయి వంటి ప్యూమిస్, చితికిన పైను బెరడు కలిపి నింపాను. అడుగున రంధ్రాలుంచి, తొట్టిని రెండంగుళాల నీరున్న వెడల్పాటి పళ్లెంలో నిలిపాను. మాను కదలకుండా తొట్టి అంచులకు తాళ్లతో బిగించి కట్టాను. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, కొత్తగా పుట్టే వేరు దారం వంటిది. గాలికి మాను ఊగిన ప్రతిసారీ అది తెగిపోతుంది. ఇక చేయవలసినదల్లా నీరు తగ్గకుండా చూస్తూ, గడ్డకట్టే రాత్రులలో గోడ చాటుకు చేర్చి, వేచి ఉండడమే.

మార్చి రెండవ వారంలో బెరడును చీల్చుకుని ఆకుపచ్చని చుక్కలు కనిపించాయి. పది రోజులలో మూడు మానులూ పైనుంచి క్రింది వరకు చిగుళ్లతో నిండిపోయాయి. “చింతాకులా ఉందే!” అని నాన్నగారు మురిసిపోయారు. ఆయన కూడా ఆ రోజులలో ఎంతో ఉత్సాహంగా ఉండేవారు. ఉదయమే లేచి వీధి చివర వరకు నడిచి వచ్చేవారు. ఆదివారం మా ఇంటికి వచ్చే పిల్లలకు కథలు చెప్పేవారు. నా భార్యతో కూర్చుని చిక్కుడుకాయలు వలిచేవారు. “నాన్నగారు ఇక్కడ చక్కగా కుదురుకున్నారు” అని చుట్టాలందరికీ వాట్సాప్‌లో వ్రాశాను. చెట్ల ఫోటోలు కూడా పంపాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఆయనను మా ఊరికి పడమరగా ఉన్న క్రౌలీ ప్రాంతానికి తీసుకువెళ్లాను. అది వరి పండే దేశం. కోత అయిన మళ్లలో నీరు పెట్టి క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యవంటి జీవిని కూడా పెంచుతారు. కనుచూపు మేర మళ్లు చూసి నాన్నగారి ముఖం వికసించింది. “ఊడ్పులు ఎప్పుడు?” అని అడిగారు. ఇక్కడ ఊడ్పులు లేవనీ, విత్తనాన్ని యంత్రంతో నేరుగా నేలలో విత్తుతారనీ, లేదా నీరు నిలిపిన మడిలో విమానం నుంచి చల్లుతారనీ చెప్పాను. ఆయన నిర్ఘాంతపోయారు.

“అయితే వీళ్ల చేనుకు మూన తిరగడమంటూ లేదన్నమాట” అన్నారు.

“అంటే ఏమిటి నాన్నగారూ?” అన్నాను.

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశారు. వరి రైతు కొడుకును. పదకొండవ ఏట హాస్టలులో చేరాను. ఆ తరువాత చేలోకి దిగింది లేదు. ఆయన కోపగించుకోక, పిల్లవాడికి చెప్పినట్లు విడమరచి చెప్పారు. నారుమడిలో నుంచి పెకలించిన నారును పొలంలో ఊడ్చిన తరువాత అది కొన్నాళ్లు పసుపుబారి, వాలిపోయి ఉంటుంది. పాత వేరు తెగింది, కొత్త వేరు ఇంకా రాలేదు. వారం పది రోజులకు కొత్త వేరు నేల పట్టి, ఆకు మళ్లీ పచ్చబడి నిటారుగా లేస్తుంది. దానినే మూన తిరగడం అంటారు. అంతవరకు రైతు మడిలో నీరు పలుచగా ఉంచుతాడు. పైపాటు ఎరువు చల్లడు. “ఊరికే గట్టు మీద నడిచి వస్తాడు, అంతే” అన్నారు.

ఆ మాట విని, మంచి మాటేనని అనుకుని, మరచిపోయాను.

నా తొందర నాది. మూడు మానులలో ఒకటి మిక్కిలి అందమైనది. మొదలు ఏనుగు పాదంవలె వెడల్పుగా ఉండేది. దానిని మంచి ఎండ కోసమని రెండుసార్లు చోటు మార్చాను. చిగుళ్లు దట్టంగా ఉన్నాయని సగం గిల్లివేశాను. ఏప్రిల్‌లోనే ఎరువు పెట్టాను. నెలాఖరున, ఇంత ఆకు ఉన్నప్పుడు వేరు ఎంత వచ్చిందో చూద్దామని, తాళ్లు విప్పి మానును కొద్దిగా పైకి లేపి చూశాను. మే నెల వేడికి మధ్యాహ్నం ఆకులు వాలాయి. సాయంత్రానికి లేచాయి. మూడు రోజుల తరువాత తెల్లవారినా లేవలేదు. వారంలో ఆకంతా గోధుమరంగుకు తిరిగింది.

తొట్టి బోర్లించి చూశాము. కోసిన అడుగు అంచున తెల్లని దారాల వంటి వేళ్లు నాలుగైదు ఉన్నాయి. అన్నీ తెగి ఉన్నాయి.

“ఇది మూన తిరగలేదురా” అన్నారు నాన్నగారు. “తిరగక ముందే దీని చేత పని చేయించావు.”

అప్పుడు ఆ మాట నాకు అర్థమైంది. త్రవ్వి తెచ్చిన చెట్టు తొలి చిగురు వేరు నుంచి రాదు. మానులో దాచుకున్న ఆహారంతో వస్తుంది. వేరు ఏమాత్రం లేకపోయినా కొన్ని వారాలు పచ్చగా ఉండగలదు. చూచేవారికి చెట్టు బ్రతికినట్లే ఉంటుంది. నిజానికి అది తన నిలవను ఖర్చు చేస్తున్నది. ఆ ఆకు ఎండలో ఆహారం వండి క్రిందికి పంపితే, ఆ ఆహారంతో వేరు పుట్టాలి. ఆ వేరు పుట్టిన తరువాత రెండవ విడత చిగురు వస్తుంది. అది పొడవుగా, బలంగా సాగుతుంది. ఆ రెండవ చిగురు వచ్చే వరకు ఆకు గిల్లకూడదు, ఎరువు పెట్టకూడదు, తీగ చుట్టి కొమ్మ వంచకూడదు, మానును కదపకూడదు. ఇవన్నీ పుస్తకాలలో నేను చదివినవే. తొలి చిగురును చూసిన సంతోషంలో పాటించలేదు.

జూన్ వచ్చేసరికి నాన్నగారు నడక మానివేశారు. అన్నం తగ్గింది. పిల్లలు వచ్చినా కథలు చెప్పడానికి ఉత్సాహపడేవారు కాదు. అమ్మ ఫోటో ఉన్న గదిలోనే ఎక్కువసేపు ఉండేవారు. నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నేను ఏదో ఒకటి చేస్తాను. వృద్ధుల కేంద్రంలో పేరు వ్రాయించాను. ఇంగ్లీషు నేర్పే తరగతి వెదికాను. హ్యూస్టన్‌లో మిత్రుల ఇంటికి తీసుకువెళ్లాను. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, “ఎలా ఉంది నాన్నగారూ? ఇవాళ బాగానే ఉందా?” అని అడిగేవాడిని.

ఒకనాడు ఆయన ఇలా అన్నారు: “ఒరేయ్, ఆ మిగిలిన రెండు తొట్లూ నాకు వదిలెయ్యి. నన్ను కూడా కొన్నాళ్లు వదిలెయ్యి.”

నాకు కష్టం తోచింది. ఆ రాత్రి నా భార్యతో చెప్పుకున్నాను. ఆమె, “ఆయన ఆమెతో నలభై ఆరేళ్లు ఉన్నారు. మనం ఆరు నెలలు కూడా ఊరుకోలేదు” అన్నది. మరునాటి నుంచి అడగడం మానుకున్నాను.

వేసవి అంతా ఆ రెండు తొట్లూ ఆయన చేతిలో ఉన్నాయి. ఉదయం, సాయంత్రం పళ్లెంలో నీటిమట్టం చూసేవారు. జూన్ మధ్యలో ఒకదాని లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మిగతాదంతా పసుపుబారింది. మా కుళాయి నీటిలో క్షారగుణం ఎక్కువ. అటువంటి నీటిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. చూరు క్రింద పీపా పెట్టి వాననీరు పట్టి పోయసాగాము. కొత్త ఆకు పచ్చగా వచ్చింది. ఎండలు ముదిరినప్పుడు ఎర్రనల్లి పట్టకుండా ఆయన ఆకు అడుగుభాగాన్ని నీటి జల్లుతో కడిగేవారు. అంతకుమించి ఏమీ చేయలేదు. ఎక్కువసేపు కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేవారు. కొన్నాళ్లకు మా అమ్మాయి తన పుస్తకం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. వాళ్లిద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు.

జూలై రెండవ వారంలో నేను ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. “సాయంత్రం త్వరగా రా” అన్నారు. వచ్చి చూస్తే రెండు మానులకూ తలభాగాన కొత్త రెమ్మలు జానెడు పొడవున నిటారుగా సాగి ఉన్నాయి. తొట్టి అడుగు రంధ్రంలో నుంచి తెల్లని వేరు ఒకటి నీటిలోకి దిగింది. నాన్నగారు దానిని వేలితో తాకకుండానే చూపించారు. “మూన తిరిగాయి” అన్నారు.

ఆ రాత్రి ఆయన కడుపునిండా భోజనం చేశారు. ఇక ఆయన కూడా ఇక్కడ కుదురుకున్నట్లేనని నేను లోలోపల అనుకున్నాను. మళ్లీ అదే తొందర.

సెప్టెంబరులో ఆయన తాను ఊరికి వెళ్లిపోతానని చెప్పారు. నేను వాదించాను. చెట్లే బ్రతికాయి కదా అన్నాను. ఆయన నవ్వారు. “లేత నారు ఎక్కడ పెట్టినా వారంలో మూన తిరుగుతుంది. నువ్వు అలా తిరిగావు. ముదురు నారు కూడా నిలబడుతుంది రా, చావదు. కాని పిలక వేయదు.” వరి నారు ముదిరిన తరువాత ఊడిస్తే పిలకలు తగ్గుతాయని, అంటే ఒక్క దుబ్బు నుంచి పది కావలసినవి రెండు మూడే వస్తాయని, రైతులందరికీ తెలుసు. ఆయన మనుషులు, ఆయన కాలువ, అమ్మతో కలిసి తిరిగిన గట్లు అక్కడ ఉన్నాయి. ఇక్కడ ఆయన బ్రతకగలరు. అంతవరకే. అక్టోబరులో విమానం ఎక్కించి వచ్చాను. ఆయనను పంపివేసినందుకు నన్ను తప్పుపట్టినవారున్నారు. వారికి నేను సమాధానం చెప్పలేదు.

నవంబరు చివరికి రెండు మానులూ తుప్పు రంగుకు తిరిగి ఆకు రాల్చాయి. మా అమ్మాయి కంగారుపడి తాతగారికి ఫోను చేసింది. “చావలేదమ్మా, చలికి పడుకున్నాయి” అని ఆయన ధైర్యం చెప్పారు. వంతెన మీద ఒకప్పుడు నేను చెప్పి, ఆయన నమ్మని మాట అది.

ఇప్పుడు ఆ మానులకు రెండవ సంవత్సరం. ఫిబ్రవరిలో పైకి సాగిన బలమైన రెమ్మ నొకదానిని తలగా ఎంచుకుని, మిగిలినవి తగ్గించాను. పెద్ద సైప్రస్‌లు వయస్సు వచ్చిన తరువాత శిఖరం ఆగిపోయి, తల చదునుగా విస్తరిస్తుంది. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన వాన్ బాంటింగ్ అనే బోన్సాయ్ కళాకారుడు ఆ రూపాన్ని తొట్టిలోకి తెచ్చి ప్రసిద్ధి చేశాడు. మా మానులు ఆ రూపానికి రావాలంటే ఇంకా పదేళ్లు పడుతుంది. తొందర లేదు.

ఈ మధ్య మా అమ్మాయి తరగతిలో మరొక దేశం నుంచి వచ్చిన పిల్లవాడు చేరాడు. వాడెలా ఉన్నాడని నేను అడిగితే, “వాడింకా మూన తిరగలేదు నాన్నా. మేము ఊరికే పక్కన కూర్చుంటున్నాం” అన్నది. ఆ మాట నాకు నలభై దాటిన తరువాత దొరికింది. దానికి పదకొండేళ్లకే దొరికింది.

ఈ జూలైలో నాన్నగారి పొలంలో ఊడ్పులయ్యాయి. ఫోటో పంపారు. నీళ్లలో పసుపుబారిన నారు వరుసలుగా వాలి ఉంది. ఆయన ఒంటరిగా ఎలా ఉన్నారో అడగాలని ప్రతిరోజూ అనిపించింది. అడగలేదు. చెట్ల సంగతి, వాన సంగతి మాట్లాడుతూ వచ్చాను. పదవ రోజు తెల్లవారుజామున ఆయనే ఫోను చేశారు.

“మూన తిరిగిందిరా” అన్నారు.

చేను సంగతే అయి ఉంటుంది. విడమరచి అడగలేదు.